జరుగుతూ పోయిన కొవ్వొత్తి

మేడ మీది గదిలో రెండేళ్ళ మూడు నెలలు అద్దెకున్న అమ్మాయి నిన్న ఖాళీ చేసి వెళ్ళింది. ఇవాళ ఊడవడానికి ఎక్కితే గోడకి ఒక ఫొటో అలాగే ఉంది. మరిచిపోయిందో, నాకని వదిలిందో తెలియదు. పక్కపక్కన నిలబెట్టిన మూడు బూడిదరంగు మట్టి కడ్డీలు, అక్కడక్కడా తెగి ఖాళీలు. బంగాళాఖాతం అడుగున, ఓడ మీంచి గొట్టం దించి తవ్వి తీసిన మట్టి అది.

ఆ పిల్లది విజయనగరం, ఈ బెంగాల్ రైల్వే ఊరికి చదువుకోడానికి వచ్చింది. రోజూ ప్రేమ్ బజార్ మీదుగా సైకిల్ తొక్కుకుంటూ కాలేజీకి పోయి, ఆ మట్టిని కడిగి, బొంబాయి రవ్వంత గుల్లల్ని సూక్ష్మదర్శినిలో చూస్తూ ఏరుకునేది. సముద్రంలో బతికిన ప్రాణులు చచ్చి, అడుక్కి రాలి, పొర మీద పొరగా పేరుకుంటాయట. కొన్నిచోట్ల వెయ్యేళ్ళంటే రెండు వేళ్ళ మందమేనట. ఆ గుల్లల్ని పరీక్షిస్తే ఏ కాలంలో వానలు దండిగా పడ్డాయో తెలుస్తుందట. భూమి మంచుతో బిగుసుకుపోయిన రోజుల్లో మన వానలు తగ్గాయనీ, మంచు కరిగాక మళ్ళీ పుంజుకున్నాయనీ ఆ మట్టే చెప్పిందట. ఒకసారి ఫొటోలో ఒక చారమీద వేలు పెట్టి అడిగాను.

"ఇది ఎప్పటిదే?"

"ఇరవై వేల ఏళ్ళ కిందటిది మామ్మా. ఓ అయిదొందలు అటూ ఇటూ."

"అయిదొందలేళ్ళు అటూ ఇటూనా! మన పాలోడు అయిదు రోజులు అటూ ఇటూ రాసేస్తే నేనూరుకుంటానేటే?"

"అందుకే గదా మామ్మా, నిన్ను మా ల్యాబులో ఎట్టుకోనిది."

నా తేదీలు అటూ ఇటూ కావు. 1974 ఆగస్టు పద్నాలుగు, బుధవారం. మా పాపకి నలభై రోజులు కూడా నిండలేదు. మూడు రోజుల జ్వరంతో పోయింది. "బాలింతరాలివి, గుమ్మం దాటకు" అన్నారు అత్తగారు. రైల్వే క్వార్టర్ కిటికీలోంచి చూశాను. వర్క్‌షాపులో తోటి ఫిట్టరు గొడుగు పడితే, మా ఆయన చిన్న చెక్కపెట్టె గుండెకి ఆనించుకుని వానలో నడిచి వెళ్ళిపోయారు. గుర్తుగా ఇనప ముక్క పాతానన్నారు. మరుసటి ఏడు సమాధుల పండుగకి నేను మొదటిసారి వెళ్ళేసరికి అక్కడ ఇనుమూ లేదు, మట్టిదిబ్బా లేదు. ఎన్నో వేల ఏళ్ళ కిందటి వానల జాడ మట్టిలో నిలిచింది గాని, ఆ ఒక్క ఏటి వానకి నా బిడ్డ జాడ నిలవలేదు.

మా ఆయన మాత్రం తడుముకోకుండా గోడ పక్కన వంగి కొవ్వొత్తి వెలిగించారు. అప్పట్నుంచి ప్రతి నవంబరు రెండున గోల్‌బజార్‌లో కొవ్వొత్తి కొనడం, ఆయన సైకిల్ వెనక కూర్చుని స్మశానానికి వెళ్ళడం. కొన్నాళ్ళకి నాకు అనుమానం వచ్చింది.

"ఏటండీ, పోయినేడు ఆ గోడకాడ గదా ఎట్టినారు?"

"ఇక్కడేనే. నీ లెక్కలు ఇంటికాడ ఎట్టుకో. ప్రార్థన సెయ్యి."

ప్రార్థన చేసేదాన్ని. ఈయనకి చోటు కూడా గుర్తుండదు అని లోపల గొణుక్కునేదాన్ని. 2022 మార్చిలో ఆయన పోయారు. కొత్త వరసలో చోటిచ్చారు. ఆ నవంబరు నుంచి ఒక్క కొవ్వొత్తే తీసుకెళ్ళేదాన్ని. పాప దగ్గరికి దారి చూపించే మనిషే లేకపోయాక రెండోది ఎక్కడ పెట్టను?

మొన్న వానాకాలం, ఆ పిల్లకి టీ ఇస్తూ, ఒకే చోటికి మూడు కడ్డీలెందుకే అని అడిగాను.

"ఒక్క కన్నంలో మట్టంతా రాదు మామ్మా. లాగినప్పుడు మధ్యలో తెగిపోద్ది. కొన్ని వందల ఏళ్ళు జారిపోతాయి. అందుకే ఓడని కాస్త జరిపి పక్కన ఇంకోటి తవ్వుతారు. దీన్లో పోయింది దాన్లో దొరుకుద్ది."

"మొదటిదే సరిగ్గా తియ్యరాదేటే?"

"అడుగున ఏటుందో కనపడదు గదా మామ్మా. కనపడనప్పుడు జరుగుతూ ఎతకడమే."

టీ గ్లాసు దాని ముందు పెట్టి, ఆయన కొవ్వొత్తి పెట్టిన చోట్లన్నీ ఒక్కొక్కటే లెక్కేసుకున్నాను. మొదటి ఏళ్ళలో పడమటి గోడ పక్కన. ఆయనకి ప్రమోషనొచ్చిన ఏడు వేపచెట్టు కింద. రిటైరైన ఏడు పెద్ద సిలువ దాటి. ఆఖరి ఏడు, నా భుజం పట్టుకుని నడిచినప్పుడు, నీళ్ళ కుళాయి దగ్గర. ప్రతిసారీ కాస్త తూర్పుకి. ఒకసారి పెట్టిన చోట మళ్ళీ పెట్టలేదు. ఆయన చోటు మరిచిపోయి తడబడలేదు. ఆ మొదటి ఏడే పాప చోటు జాడ లేకుండా పోయిందని ఆయనకి తెలుసు. ఏదో ఒక నవంబరున ఆ వెలుగు పాప మీద పడకపోతుందా అని, నాకు చెప్పకుండా, బతికినన్నాళ్ళూ జరుగుతూ వెతికారు.

ఈ నవంబరు రెండున రెండు కొవ్వొత్తులు కొన్నాను. టోటో, అదే బ్యాటరీ రిక్షా, దిగి ఒకటి ఆయన దగ్గర వెలిగించాను. రెండోది కుళాయి దాటి కొంచెం తూర్పుగా, ఉత్త గడ్డిలో పెట్టాను. స్మశానం కాపలా ఉండే బెంగాలీ దాదా పరుగెత్తుకొచ్చాడు. "ఓఖానే తో కేఉ నేఈ, మాశీమా!" అక్కడెవరూ లేరట.

"ఉండొచ్చు దాదా" అన్నాను తెలుగులోనే.

గాలికి రెండుసార్లు ఆరిపోతే చెయ్యి అడ్డుపెట్టి మళ్ళీ వెలిగించాను. లేచి నిలబడ్డాక, అలవాటు కొద్దీ, తూర్పు గోడ వైపు చూసి లెక్క వేశాను. గడ్డి ఇంకా చాలా ఉంది, నాకు అన్ని నవంబర్లు లేవు.