బళ్ళారి ఎండలో కొవ్వొత్తుల శిక్షణ

ఆ రోజుల్లో లోకాన్ని బాగుచేసే పని నా ఒక్కడికే అప్పగించారనుకునేవాణ్ణి. కొత్త ఉద్యోగం. సత్యనారాయణపేటలో అమ్మ ఇస్త్రీ చేసిచ్చిన తెల్లచొక్కా వేసుకుని, కూరెకుప్ప దాటి కొండ కింది హట్టికి, అంటే చిన్న గూడేనికి, బైకు మీద పోయేవాణ్ణి (చేరేసరికి గనుల దుమ్ముకి అది ఎర్రచొక్కా అయ్యేది). ఆ హట్టివాళ్ళు తాతల నాటి నుంచి అడవినే నమ్ముకున్నవాళ్ళు. ఈతాకు కోసి, పొరకలు, అదే చీపుళ్ళు, కట్టి సంతలో అమ్ముకుంటారు. కోసేటప్పుడు నడిమి మొవ్వు మాత్రం ముట్టరు. ముడితే చెట్టు ఉసురు తగులుతుందని వాళ్ళ కట్టడి. అలాంటివాళ్ళ వల్ల అడవి పాడవుతోందట! ఫారెస్టు గార్డు పొరకల మోపులన్నీ లాక్కుని చెక్‌పోస్టు గేటు పక్క గదిలో వేసి తాళం పెట్టాడు. అదే గేటు గుండా లారీలు కొండకు కొండనే మోసుకుపోతుంటే వాటికి సలాము కొట్టాడు. ఒళ్ళు మండదా మరి!

వాళ్ళకి వేరే బతుకుతెరువు చూపించమని మా సంస్థ నన్ను పంపింది. ఏమిటది? కొవ్వొత్తుల తయారీ! ఏప్రిల్ నెలలో, బళ్ళారి జిల్లాలో, రేకుల షెడ్డులో! (ఈ ఆలోచన ఏ ఏసీ గదిలో పుట్టిందో మీరే ఊహించుకోండి.) ప్రారంభోత్సవం నాటి పొద్దున హట్టికి పెద్దదిక్కైన అవ్వ నన్ను నిలదీసింది.

"ఏందప్పా, బత్తీలు సరే, మా పొరకలు ఎప్పుడిస్తారు? రేపు సంత ఉండాది. అవి అమ్మకుంటే జొన్నలు యాడ నుంచి తెస్తాము?"

"పెద్దసారు వస్తాండారు, అడుగుతాలే అవ్వా."

ప్రారంభించాల్సిన అటవీశాఖ పెద్దసారు వచ్చేలోపే బల్ల మీది కొవ్వొత్తులన్నీ నడుం వంచి దణ్ణం పెడుతున్నాయి. అగ్గిపుల్ల పట్టుకుని ఏది వెలిగించాలో తెలియక ఆయన తికమకపడుతుంటే, నాలో కోపం పొంగుకొచ్చింది. లేచి, తెలుగు, కన్నడ, ఇంగ్లీషు కలగలిపి అడవి హక్కుల మీద భీకరంగా ఉపన్యసించాను. సరిగ్గా అప్పుడే బయట లారీల వరస హారన్లు మోగిస్తూ కదిలింది. నా నోరు ఆడటం కనిపించింది తప్ప ఒక్క ముక్క ఎవరికీ వినపడలేదు. సారు (పొగుడుతున్నాననుకున్నారు కాబోలు) చప్పట్లు కొట్టారు.

హారన్లు ఆగాక అవ్వ నిదానంగా లేచి, ఒక కొవ్వొత్తిని వేలితో నొక్కి చూసింది.

"సారూ, మా పొరకలు ఎండకి కరగవప్పా. అవి ఇప్పించండి."

షెడ్డంతా ఒకటే నవ్వు. సారుకీ నవ్వక తప్పలేదు, గార్డుకి తాళం తీయకా తప్పలేదు. ఆడవాళ్ళు మోపులు నెత్తికెత్తుకుని ఇళ్ళకు నడిచారు.

ఈతాకు కోసుకోవడానికి అనుమతి మాత్రం ఇప్పటికీ రాలేదు. కొత్త గార్డు వచ్చినప్పుడల్లా మోపులు మళ్ళీ ఆ గదిలోనే పడతాయి, అవ్వ కోడలు పోయి పోట్లాడి విడిపించుకుంటుంది. ఇదేం న్యాయమో! మెడనరాలు ఉబ్బించి లారీలతో పోటీపడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఇప్పుడు సభల్లో నా చేతికి మైకు ఇస్తున్నారు. కోపం అలాగే ఉంది, ఆ గొంతే లేదు.