నోటితో ఊదిన జెట్టు

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. చేతులకు పని నేర్పినవాడు, చెవులకు వినికిడి ఇచ్చినవాడు ఆయనే. ఈ మాట ముందే రాసుకుంటున్నాను, ఎందుకంటే ఇకపై రాయబోయేదంతా నా గొప్పే. గర్వం కూడదని చిన్నప్పుడే ఆదివారపు బడిలో నేర్చుకున్నవాణ్ణి. అయినా ఆ కార్బురేటర్ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది.

నిజాం రాజ్యం మీద పోలీస్ యాక్షన్ జరిగి వారమైంది. సికింద్రాబాదులో ఇంకా కర్ఫ్యూ. ఉదయం రెండు గంటలు మాత్రం బజారుకు వదిలేవారు. నేను మిషన్ బడిలో పంతుల్ని, గుడిలో హార్మోనియం వాయించేవాణ్ణి. నాకు వాక్యం నేర్పిన ఆదివారపు బడి టీచరమ్మ లాలాగూడ రైల్వే క్వార్టర్లలో చివరి రోజుల్లో ఉంది. పోయేలోపు పాస్టరు చేతి రొట్టె, ద్రాక్షరసం తీసుకుని ప్రభువు బల్లలో పాలుపొందాలని కబురు పంపింది. మా పాస్టరు అయ్యగారికి మోకాళ్ల వాతం, నాలుగడుగులు వేయలేరు. రిక్షాలు లేవు. ఆయన పాత కారుకు మిలిటరీవాళ్లు ఆ ఒక్కరోజు సాయంత్రం ఐదింటి వరకు పాస్ ఇచ్చారు, చిన్న డబ్బాడు పెట్రోలూ ఇచ్చారు. కారు మాత్రం కదల్లేదు.

డ్రైవరు ఎప్పుడో బెజవాడ వెళ్లిపోయాడు. నాకు నడపడం వచ్చు, అంతే. కారు ముందు హ్యాండిల్ పెట్టి తిప్పీ తిప్పీ అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది.

“హార్మోనియం పెట్టెనైతే అదరగొడతావుగా, దీంతో ఒక్క చరణమన్నా పాడించలేవా?” అన్నారు అయ్యగారు వసారాలో కూర్చుని. ఆయన గుంటూరు మనిషి. దిగులేసినప్పుడే ఎగతాళి ఎక్కువ.

ఆ కారును ఎప్పుడూ బాగుచేసే మేస్త్రీ ఇల్లు రాంగోపాల్‌పేట్‌లో. బజారుకు వదిలిన వేళ చూసుకుని పరుగెత్తాను. ఆయన ముస్లిం. సైన్యం వచ్చినప్పటి నుంచి ఆ వీధిలో తలుపులు పగలు కూడా తెరవడం లేదు. నా గొంతు పోల్చి తలుపు రెక్క జానెడు తీశాడు.

“బయటికి రాను మాస్టర్ సాబ్. ఇంట్ల ఆడోళ్లు పరేషాన్ ఉన్నరు. చెప్త, ఇను. రెండు నెల్లు నిలబడ్డ బండి గద? అండ్ల కిరసనాయిల్ కలిపిన పెట్రోలుండె. అది ఎండి కార్బురేటర్ల, పెట్రోల్ వచ్చే సన్న జెట్టుల జిగురు కట్టింటది.”

“తీగ పెట్టి పొడవనా?”

“పొడిచినవంటే బండి ఖతం. బొక్క జెరంత పెద్దగైనా పెట్రోల్ తాగుతది గని నడువది. మంచి పెట్రోల్ల నానబెట్టు, నోటితోని ఊదు. నీ బాజాల దుమ్ము వడ్తె ఏం జేస్తవ్? గంతే.”

“మరి బిగించినంక గాలీ పెట్రోలూ కలిపే స్క్రూ ఎంత తిప్పాలె?”

“గది నన్నడుగుతవా? ఇత్వార్ నాడు గుడిల నీ బాజా మా ఇంటిదాక ఇనబడ్తది. చెవితోని తిప్పు.”

సందులోంచి ఒక చిన్న పానా నా చేతిలో పెట్టి తలుపు మూశాడు.

వసారాలో తెల్లగుడ్డ పరిచి కార్బురేటర్ విప్పాను. ప్రతి మరమేకునూ తీసిన వరుసలోనే పేర్చాను. పెట్రోలు నిలిచే గిన్నె అడుగున పాకం రంగు జిగురు. జెట్టు వడ్లగింజంత ఉంది. నానబెట్టి, ఊది, దాని నడిమి రంధ్రంలోంచి చూస్తే వెలుతురే లేదు. మళ్లీ నానబెట్టాను, మళ్లీ ఊదాను. గోడగడియారం రెండు కొట్టింది. జేబుకు గుండుసూది ఉంది, చేయి అటు పోయింది కూడా. వెనక్కి తీసుకుని గట్టిగా ఊపిరి పీల్చి ఊదాను. పెట్రోలు నాలుకకు తగిలితే ఉమ్మేశాను. జెట్టు కంటి దగ్గర పెట్టుకుంటే సూదిమొనంత ఆకాశం కనబడింది.

బిగించి హ్యాండిల్ తిప్పితే ఇంజను అందుకుంది గానీ కుంటుతోంది. స్క్రూ ఒకవైపు తిప్పితే నల్లటి పొగ, బొంగురు గొంతు. ఇంకోవైపు తిప్పితే తుమ్ములు. కళ్లు మూసుకుని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోయాను. ఒకచోట తుమ్ములన్నీ ఆగి ఒకే స్వరం సాగింది. అయ్యగారు కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు.

“ఇదీ వాయించడమంటే” అన్నారు. పదేళ్లుగా గుడిలో వాయిస్తున్నా ఆయన నోట అలాంటి మాట వినలేదు.

దారిలో సిపాయిలు ఆపి పాస్ చూశారు, ఇంజను ఆపమన్నారు. ఆపాను. మళ్లీ ఒక్క తిప్పుకే అందుకుంది. అప్పుడు నా దర్జా చూడాలి.

నాలుగు కాకముందే లాలాగూడ చేరాం. టీచరమ్మ రొట్టె ముక్క తీసుకుంది, గిన్నె పెదవులకు తాకించుకుంది. కళ్లు తుడుచుకుని, ఎట్లా వచ్చారని అడిగింది. అయ్యగారు నా చేతిపని గురించి పూసగుచ్చినట్టు చెప్పారు.

“ఎవలు నేర్పిన్రు బిడ్డా?”

మేస్త్రీ సంగతి చెప్పాను.

“పాపం, ఇంట్లకెళ్లి బయటికి వస్తలేడా. మరి ఆయన కొరకు ప్రార్థన జేసిన్రా?”

లేదని నేనే ఒప్పుకున్నాను. అయ్యగారు కూడా చేయలేదు.

“నువ్వే జెయ్యి. జెర పెద్దగ జెయ్యి, నాకు సరిగ్గ ఇనబడ్తలేదు.”

చేశాను. ఆమె మూడోనాడు ప్రభువు దగ్గరికి వెళ్లింది. ఆమె మంచం పక్కన మోకరించి చేసిన ఆ ప్రార్థనలో నా గొప్ప ఒక్క ముక్కా రాలేదు. చెప్పకేం, దానికీ నాకు గర్వమే.

చదివే మీరు కూడా నాతో ఒక్క నిమిషం తల వంచండి. దేవా, ఏ ఊళ్లోనైనా, ఏ మతంవారైనా, భయంతో గడప దాటలేనివారిని కాపాడు. వారు మాకు నేర్పిన పనికై నీకు వందనాలు. ఆమేన్.