బెల్టు కింద గడ్డ

మొన్న నేను బతికుండంగనే పిల్లలను ఏడిపించిన. ఎట్లనో వినుర్రి.

హెర్నియా ఆపరేషనై ఇంటికి పంపేటప్పుడు సంగారెడ్డి డాక్టర్ మరీ మరీ చెప్పిండు. బరువులు లేపొద్దు, గట్టిగ దగ్గొద్దు, స్నానానికి తప్ప నడుము బెల్టు విప్పొద్దు, లేకుంటే హెర్నియా మళ్లొస్తదని. మా ఫ్యాక్టరీల ఒకాయన వినకుండా మళ్లీ అదే వార్డుల పడ్డడు. నాకా భయం పట్టుకుంది. స్నానానికి కూడా బెల్టు విప్పలే, తడిబట్టతో తుడుచుకున్న. తుమ్మొస్తే ముక్కు పట్టుకున్న.

ఇదంతా ఆదివారం కోసమే. పిల్లలిద్దరూ సిద్దిపేట హాస్టల్‌ల ఉంటరు. నెలకొక్క ఆదివారమే చూడనిస్తరు. పోయిన నెల ఆపరేషన్‌తో పోలే. ఈసారీ పోకుంటే మా చిన్నది నాతో మాట్లాడదు.

శుక్రవారం పొద్దున లేస్తుంటే కుట్ల పక్కన ఏదో ఒత్తుకుంది. బెల్టు మీదికెల్లి తడిమిన. గట్టిగ, వేలికొసంత గడ్డ. హెర్నియా మళ్లొచ్చిందనుకున్న. మా ఆమె యాదమ్మ జెర విప్పి చూద్దామంది. డాక్టర్ వద్దన్నంక ఎట్ల విప్పుత? సీదా ఎస్టీడీ బూత్‌కు పోయి హాస్టల్‌కు ఫోన్ కొట్టిన. మళ్లీ అడ్మిట్ అయితున్న, ఆదివారం రాలేను, పిల్లలకు మెల్లగ చెప్పుర్రి సార్ అని వార్డెన్‌కు చెప్పి ఆటో ఎక్కిన.

డాక్టర్ బెల్టు విప్పిండు. లోపల కొత్త నల్లతాడు, దానికి రాగి తాయెత్తు.

“ఏందన్నా, దీనికి గూడ కుట్లేయాల్నా?” అన్నడు.

అది మా అమ్మ పని. ముందురోజు కొండాపూర్ నుంచి చూడనీకి వచ్చింది. ఆపరేషన్ అప్పుడు నా మొలతాడు తెంపిర్రని ఆమెకు మనసున పట్టలే. గోలీలు మింగి నేను పండుకుంటే, హెర్నియా మళ్లా రావద్దని దర్గాల కట్టిచ్చిన తాయెత్తుతో కొత్తది కట్టి, బెల్టు కిందికి తోసి, బస్సెక్కి పోయింది!

ఇంటికొస్తూ బూత్‌ల ఆగి హాస్టల్‌కు ఫోన్ చేస్తే, నేను సంగతి చెప్పకముందే, పిల్లలను వాచ్‌మన్‌ను తోడిచ్చి పంపేసినమని పెట్టేసిర్రు. సాయంత్రానికి దిగిర్రు. పెద్దోని కండ్లు వాచినయి. చిన్నది నన్ను కిందికెల్లి మీదికి చూసింది. సంగతంతా విన్నది. నా చెవి దగ్గర నోరు పెట్టింది.

“నాయినా, సోమవారం దాక సార్‌కు చెప్పకు.”

ఆదివారం దాక ఇంట్ల ఒకటే నవ్వులు. ఆ సాయంత్రం, పిల్లలు రేపొస్తరని చెప్పనీకి బూత్‌కు పోతే, వార్డెన్ సార్ ఫోన్‌ల ఎట్లుందని అడిగిండు. అబద్ధమాడే అలవాటు లేనోన్ని. ఇంకా నొస్తుంది సార్ అన్న. నవ్వీ నవ్వీ కుట్లు నిజంగనే నొస్తున్నయి మరి.