చెట్టు కూలింది, చెట్టు కూల్చారు

మా ఆయన ఘాట్ రోడ్డు పనిలో ఓవర్సీరు. పెళ్ళయిన రెండో ఏడు నన్ను సాలూరు నుంచి అరకు పైకి తీసుకువెళ్ళి, దొరలు వచ్చినప్పుడు దిగే బంగళా పక్కనున్న క్వార్టర్లో కాపురం పెట్టారు. డిపార్టుమెంటు పరీక్ష కోసం ఇంగ్లీషు బట్టీ పట్టేవారు. చలికి నేను పొయ్యి వదిలేదాన్ని కాను, ఆయన కూడా పుస్తకం అక్కడికే తెచ్చుకునేవారు. గో, వెంట్, గాన్. ఈట్, ఏట్, ఈటెన్. వినీ వినీ నాకూ నోటికి వచ్చేశాయి.

ఒక సాయంత్రం "ఫాల్, ఫెల్, ఫాలెన్" అయ్యాక, కాసేపటికి "ఫెల్, ఫెల్డ్, ఫెల్డ్" అన్నారు. రాగి అంబలికని చోడిపిండి కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఫెల్ ఇందాకే వచ్చింది కదా, మళ్ళీ ఏటండీ అని అడిగాను. మొదటిది పడడం, రెండోది చెట్టు కొట్టి పడెయ్యడం అన్నారు. ఒకే మాట రెండుచోట్ల ఎందుకుందంటే, పుస్తకంలో రాయలేదన్నారు. నాకు మాత్రం ఆ రాత్రంతా అదే ఆలోచన.

ఆ వానాకాలం ఒక పొద్దున డుంబ్రిగుడ వైపు కొండ మీది ఊరి పెద్ద, ముసలాయన ఒకడు తడిసి ముద్దై వచ్చాడు. గాలివానకు రోడ్డుకు అడ్డంగా పెద్ద చెట్టు పడిందనీ, బళ్ళు ఆగిపోతాయనీ చెప్పిపోదామని వచ్చాడు. ఇంజనీరు దొర బంగళాలోనే మకాం ఉన్నాడు. మా ఆయన ముసలాయన్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళారు.

తిరిగి ఒక్కరే వచ్చారు. ముఖం పాలిపోయింది. దొర మండిపడుతున్నాడట. ముసలాయన్ని వరండా దిగనివ్వద్దన్నాడట, పోలీసులకు కబురు పెట్టమన్నాడట. మన్యంలో అలజడిగా ఉన్న రోజులు. దారులకు అడ్డంగా ఎవరైనా చెట్లు కొట్టి పడేస్తారేమోనని అధికారులకు బెదురు.

"మీరు దొరతో ఏటన్నారు? ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నాను.

"బిగ్ ట్రీ ఫెల్డ్ అన్నాను. హూ అన్నాడు. కబురు ఎవరు తెచ్చారని కాబోలనుకుని ముసలాయన్ని చూపించాను."

"ఫెల్డ్ అంటే కొట్టి పడెయ్యడం కదండీ. ఎవరు కొట్టారని ఆయన అడిగితే మీరు ఈయన్ని చూపించారు. ఫెల్ అని చెప్పండి, బేగి వెళ్ళండి."

ఆయన గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తారు. దొర ఈయన మాట నమ్మలేదు, స్వయంగా చూస్తానని ముసలాయనతో సహా బయల్దేరాడు. చెట్టు వేళ్ళతో సహా లేచి ఉందట, మొదలు దగ్గర గొడ్డలి గాటు ఒక్కటీ లేదట. పోలీసుల ఊసు అంతటితో పోయింది. దొర తన సంచిలోంచి పొగాకు తీసి ముసలాయనకిచ్చాడని మా ఆయన చెప్పారు.

ముసలాయన వెళ్ళేముందు మా గుమ్మం ముందు కూర్చున్నాడు. వేడి అంబలి ఇచ్చాను. తననెందుకు ఆపారో ఆయనకు ఇంకా తెలియదు. ఇంగ్లీషులో చిన్న చప్పుడు తేడాతో మాట మారిపోయిందని నాకు చేతనైనట్టు చెప్పాను.

"చెట్టు కూలిందన్నాను గానీ, కూల్సినామన్నేదమ్మా" అన్నాడు.

కూలింది, కూల్చారు. పుట్టినప్పటి నుంచీ అంటున్న మాటలే, ఒక్కసారైనా పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. అంబలి ముంత చేతిలో ఉండగానే ఇంకా వెతకడం మొదలుపెట్టాను. కాలింది, కాల్చారు. రాలింది, రాల్చారు. తనంత తాను జరిగినదానికీ ఒకరు చేసినదానికీ మనకూ ఒక చప్పుడే తేడా.

ఇంగ్లీషులో అలాంటి జతలు ఇంకా ఉన్నాయా అని ఆ సాయంత్రమే పుస్తకం ముందేసుకున్నాం. పడుకోవడానికి లై, పడుకున్నాడంటే లే. పెట్టడానికీ లే, పెట్టాడంటే లెయిడ్. అబద్ధమాడడానికీ లై, ఆడాడంటే లైడ్. మా ఆయన నవ్వి నవ్వి పుస్తకం మూసేశారు.

మరుసటేడు పరీక్ష ప్యాసయ్యారు. దొరతో పెద్ద మాట ఏదైనా చెప్పాల్సి వస్తే ముందు వంటింట్లోకి వచ్చి నాకు వినిపించి వెళ్ళేవారు. ఫెల్ ఎప్పుడూ తప్పలేదు గానీ, ఆ లే దగ్గర ఇద్దరం ఇప్పటికీ తడుముకుంటాం.