ఫార్మలిన్ కన్నీళ్లు

ఉద్యోగం కొత్తగా దొరికిన ఆ రోజుల్లో మనిషికి దేన్ని చూసి భయపడాలో కూడా సరిగ్గా తెలియదు. కలకత్తాలో ఒక ఆసుపత్రి పోస్ట్‌మార్టం గదిలో సహాయకుడిగా చేరిన నేను శవాలను చూసి భయపడ్డాను. అవి ఇంతవరకూ నన్నేమీ అనలేదు. శవాల నుంచి పరీక్షకు తీసిన ముక్కలు పాడవకుండా సీసాల్లో పోసే ఫార్మలిన్ మాత్రం నీళ్లలా కనిపించేది కనుక దానికి భయపడలేదు. రక్షణకని ఇచ్చిన కళ్లద్దాలు ఆవిరి పట్టేసేవి కాబట్టి, మేమంతా వాటిని నుదుటి మీదికి తోసుకునేవాళ్లం (మా నుదుళ్లకు ఏనాడూ ఏ హానీ జరగలేదు).

ఒక మధ్యాహ్నం గదిలో గాలిని బయటికి లాగే ఫ్యాను ఆగిపోయింది. సీసా నింపుతున్న నాకు ఫార్మలిన్ ఘాటుకు కళ్లు భగ్గుమన్నాయి. తలుపు మూసి వసారాలోకి పరిగెత్తాను. అక్కడ బల్ల మీద కూర్చుని ఒక పెద్దామె, పక్కన ఆవిడ తమ్ముడు. వాట్‌గంజ్ రేవులో జారిపడి పోయిన శ్రీకాకుళం మనిషి ఆవిడ భర్త. ఆవిడ కంట చుక్క నీరు లేదు. నాకేమో ధారలు.

"ఏటి బాబూ, అంతలా ఏడుత్తన్నావు? మా ఇంటాయన నీకేటవుతాడు?"

"ఏమీ కారమ్మా," అన్నాను వెక్కుతూ.

"ఏటీ కాకపోతే ఇన్ని నీల్లెందుకురా? మీయమ్మెవులు? ఎక్కడుంటాది?" అన్నాడు తమ్ముడు.

"భవానీపూర్‌లో," అన్నాను (నిజం చెప్పడం అప్పట్లో నాకున్న మరో బలహీనత).

"అప్పా! బావ మాటిమాటికీ భవానీపూర్ ఎల్లింది ఇందుకేనేటి!"

పెద్దామె ముఖం రాయైపోయింది. తల అడ్డంగా ఊపాను. ఊపిన కొద్దీ నీళ్లు నాలుగు వైపులా చిందాయి. ఒక మనిషి కాపురం మొత్తం నా కనురెప్పలకు వేలాడుతోందని అర్థమైంది. ఇది మందు ఘాటని చెప్పబోతే దగ్గు అడ్డొచ్చింది.

అంతలో మేమంతా దిది (బెంగాలీలో అక్క) అని పిలిచే డాక్టరమ్మ గది తలుపు తీసి, "ఎ కీ! చోఖ్ ధోఓ!" అని, కళ్లు కడుక్కోమంటూ నన్ను కుళాయి దగ్గరకు లాగారు. లోపల ఇంకెవరెవరు ఏడుస్తున్నారో చూద్దామని కాబోలు, తమ్ముడు తెరిచిన తలుపులో తల పెట్టాడు. మరుక్షణం అతనికీ ధారలే.

"బతికున్నన్నాల్లూ బావతో కొట్టుకున్నావు, ఇప్పుడు నీకేటొచ్చిందిరా?" అంది అక్క.

"నానేడవట్లేదప్పా! గాలి! ఆ గాలి మంట!"

ఆవిడ అతన్నీ, నన్నూ మార్చి మార్చి చూసింది. రాయి మెల్లగా కరిగింది. "భవానీపూర్ ఎల్లింది పల్లు కట్టించుకోడానికిరా, ఎదవా. కొత్త పల్లతో ఒక్కపాలైనా సెరుకు నమల్లేదు," అంది. అనగానే ఆవిడ కళ్లు నిండిపోయాయి.

డాక్టర్ దిది ఆవిడనూ కుళాయి దగ్గరకు నడిపించబోయారు. "వద్దు దిదీ, అది ఫార్మలిన్ కాదు," అన్నాను. ఉడికిన రొయ్య రంగు కళ్లతో నిలబడ్డ ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ ఉద్యోగంలో అతను సరిగ్గా గుర్తుపట్టిన మొదటి విషయం అదే.