మేకలు ముట్టని ఆకు కోసం తాండూరు దాకా

దీపావళి సెలవులు ఇచ్చిన మర్నాడే నాంపల్లి స్టేషనులో వాడీ వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. నయాపైసల లెక్క ఇంకా ఎవరికీ వంటబట్టని రోజులు, టికెట్ల కిటికీ దగ్గర పెద్ద గొడవే. నాకు మాత్రం గొడవ ఇంట్లోనే అయిపోయింది. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే ఈ కాలంలో ఏటా నాకు దమ్ము, అదే ఉబ్బసం, లేస్తుంది. ఈసారి తరగతిలో పాఠం చెబుతూ ఊపిరాడక బల్ల పట్టుకుని నిలబడిపోయాను. అన్న వచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు, తీర్పు కూడా ఆయనే చెప్పాడు. సుద్ద దుమ్ము నీకు పడదు, సెలవుల తర్వాత ఉద్యోగం మానెయ్, మా ఇంట్లో నీకు నాలుగు ముద్దలు కరువా అన్నాడు. అన్న మంచివాడే. కాని భర్త పోయాక నేను నా కాళ్ళ మీద నిలబడ్డది ఆ బడిలోనే. ముద్ద ఎవరైనా పెడతారు, ఆ నిలబడే చోటు ఎవరిస్తారు? తాండూరులో జైనబ్ ఖాలా అనే ముసలామె దమ్ముకు ఆకు మందు ఇస్తుందని బడి ఆయా చెప్పింది. ముందు అది చూసి వస్తానన్నాను. ఒక్కదానివే ఎట్లా పోతావన్నాడు అన్న. రైల్లో అన్నాను.

బొగ్గు పొగకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నా లింగంపల్లి రాకముందే దగ్గు మొదలైంది. మనవాళ్ళకు దగ్గు వినబడితే చాలు, బెంచీకొక వైద్యుడు లేస్తాడు. ఒకాయన వాము వేయించి మూటకట్టి వాసన పీల్చమన్నాడు. ఒకావిడ తమలపాకు రసంలో తేనె అంది. మిరియాల పాలు, తులసి రసం, పసుపు కొమ్ము పొగ, అన్నీ వరసగా వచ్చాయి. ఇవేవీ చెడ్డవి కావు. పడిశానికి నేనూ అవే చేస్తాను. దమ్ము దగ్గర మాత్రం వాటి ఆటలు సాగవు. ఎదురుగా కూచున్న తాండూరు కందుల వ్యాపారికి నా జబ్బుకంటే నా ప్రయాణమే వింతగా ఉంది.

"ఒక్కదానివే పోతున్నవా అక్కా? ఇంట్ల మొగోళ్ళు లేరా?"

"ఉన్నరు. వాళ్ళకు దమ్ము లేదు, గందుకే రాలే."

పెట్టెంతా నవ్వింది. ఆయనా నవ్వి, తన జొన్నరొట్టెలో సగం తుంచి ఎల్లిపాయ కారంతో నా చేతిలో పెట్టాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే వికారాబాద్‌లో దిగాను. టికెట్టు అక్కడిదాకే తీసుకున్నాను, ఎందుకంటే అనంతగిరి గుట్ట ఎక్కాలని నా పంతం. దమ్ము ఉన్నవాళ్ళు మెట్లు కూడా ఎక్కకూడదని అందరూ చెప్పి చెప్పి నాకు విసుగు పుట్టించారు. వెళ్ళేవాళ్ళకు ఒక మాట: స్టేషను బయట ఎడ్లబండి దొరుకుతుంది గాని గుట్ట కింది దాకానే వస్తుంది. అక్కడి నుంచి మన ఊపిరే మనకు బండి. అడుగడుగునా ఆగుతూ ఎక్కాను. ఒక మలుపులో మేకలు కాస్తున్న మల్లమ్మ అనే కురుమ ఆమె కనబడింది. ఆమె మేకలు ముళ్ళకంపను కూడా వదలకుండా నములుతున్నాయి గాని, పొడుగాకుల పొద ఒకదాన్ని మాత్రం మూతితో కూడా తాకడం లేదు. అదేమిటని అడిగాను. వట్టి చేదు, మేక ముట్టదు, పేరు మాత్రం ఎరుక లేదు అంది. తర్వాత నన్ను ఎగాదిగా చూసింది.

"గింత దమ్ముతోటి గుట్టెందుకు ఎక్కుతున్నవమ్మా?"

"ఎక్కొద్దన్నరు. గందుకే."

పై దాకా ఎక్కాను. తడి ఆకుల వాసన, చల్లటి గాలి. ఛాతీ నొప్పి పుట్టినా సంతోషం పట్టలేకపోయాను.

సాయంత్రం బండికి తాండూరు చేరాను. దారి పొడుగునా కందిచేలు పూతమీద ఉన్నాయి. తాండూరులో మాత్రం ఎటు చూసినా బండలే. ఇంటి గోడలు బండలు, పెరటి దడులు బండలు, స్టేషను పక్కన దొంతర్లుగా బండలు. గనుల నుంచి తిరిగివచ్చే కూలీలు కొట్టు దగ్గర తలా ఒక బెల్లం ముక్క కొని నములుతున్నారు. రాతి పొడి గొంతులో నిలవదట. నేనూ ఒక ముక్క నమిలి ధర్మశాలలో పడుకున్నాను.

పొద్దున్నే ఖాలా ఇంటికి వెళ్ళాను. వాకిట్లో బండ మీద పది మంది దాకా కూచున్నారు, ఒక్కరూ మాట్లాడడం లేదు. జైనబ్ ఖాలా ఇల్లు ఇదేనా అని గట్టిగా అడిగాను. అందరూ ఒక్కసారి నావైపు జాలిగా చూశారు. సన్నగా, పొడుగ్గా ఉన్న ముసలామె గడపలోకి వచ్చి, నోరు తెరిచావు కనుక ఈ రోజు నీకు మందు లేదంది. నిద్ర లేచినప్పటి నుంచి మందు మింగేదాకా మాట్లాడకూడదట, అది అక్కడి కట్టడి. ఊరు దాటి వచ్చిన పంతులమ్మకు నోరు మూసుకొమ్మని శిక్ష! ఒళ్ళు మండిపోయింది. అయినా పట్నం తిరిగిపోతే అన్న మాటే నెగ్గుతుంది, ఆగిపోయాను.

మర్నాడు దమ్ము ఎక్కువై నడవలేక టాంగా ఎక్కాను. ఎక్కడికని టాంగా ఆయన అడిగితే చేత్తో చూపించాను. పాపం మూగామె అన్నాడు పక్కన కూచున్నతనితో. అక్కడితో ఆగలేదు. ఇట్లా ఒంటరిగా తిరుగుతోందంటే ఇంట్లోవాళ్ళు తరిమేసి ఉంటారని దారిపొడుగునా నా కథ అల్లుతూ వచ్చాడు. నా జీవితంలో అంత కష్టపడి ఏ మాటనూ మింగలేదు.

ఖాలా మందును జోషాందా అంటారు. ఆకు, అల్లం, మిరియాలు మరిగించి బెల్లం వేసిన కషాయం. చేదు నాలిక దాటి చెవులకెక్కింది. మాయ ఏమీ జరగలేదు. కాసేపటికి కఫం కదిలి, ఊపిరి లోపలిదాకా దిగింది, అంతే. నాకు అది చాలా ఎక్కువ. మూలనున్న గంపలోని ఆకులు చూడగానే గుట్ట మీది పొద గుర్తొచ్చింది.

"మేకలు ముట్టని ఆకే గదా ఖాలా? పేరేంది?"

"పేరడుగొద్దు. పేరు బైటికి వోతే మందు పని చెయ్యది."

చలికాలమంతా తాండూరులో ఉండలేనన్నాను. ఒకరి గడపలో కూచుని బతకడం ఇష్టంలేకే ఇంతదూరం వచ్చానని కూడా చెప్పాను. అందరూ వెళ్ళాక ఆమె అసలు సంగతి చెప్పింది. ఒకప్పుడు పొరుగావిడకు పేరు చెప్పిందట. ఆమె దగ్గుతున్న కోడలికి కాచి పోసింది. కోడలు కడుపుతో ఉంది, గర్భం పోయింది. ఆ నాటి నుంచి ఖాలా ఆ ఆకు పేరు ఎవరికీ చెప్పలేదు. అంత విన్నా నా నోరు ఊరుకోలేదు.

"పేరు చెప్పినందుకు గాదు ఖాలా. ఎవరు తాగొద్దో చెప్పనందుకు."

మందు పోగొట్టుకున్నాననే అనుకున్నాను, భయం వేసింది. ఆమె లేచి పెరట్లోకి పోయి, ఒక కొమ్మ విరిచి తడిగుడ్డ చుట్టి తెచ్చింది.

"కడుపుతోటి ఉన్నోళ్ళకు ఇయ్యకు. చిన్న పిల్లలకు ఇయ్యకు. ముందు గిది చెప్పు. పేరు తర్వాత చెప్పు. అడ్డసరం."

మందు తీసుకున్న ఇంట్లో పోయొస్తానని చెప్పకూడదు, తలతిప్పకుండా వెళ్ళిపోవాలి. నాకు ఆ సంగతి తెలుసు. అయినా గడప దిగి వెనక్కు తిరిగాను.

"పోయొస్త ఖాలా."

"గట్ల అనొద్దు బేటీ. నీతోటి దమ్ము సుత మళ్ళ వస్తది."

"రానియ్యి. వస్తే దాన్ని తోల్కొనే బడికి పోత."

అప్పుడు నవ్వింది ఖాలా, పళ్ళు లేని నోరంతా తెరిచి.

మధ్యాహ్నం బండిలో పట్నం బయల్దేరాను. శంకరపల్లి దగ్గర ఒక ముసలి రైతు దగ్గడం మొదలుపెడితే యథాప్రకారం బెంచీకొక వైద్యుడు లేచాడు. ఈసారి నేనూ లేచాను. ఎవరు తాగకూడదో ముందు చెప్పడం మొదలుపెట్టేసరికి, అవన్నీ ఎందుకమ్మా, ఆకు పేరు చెప్పు చాలన్నాడు ఒకాయన. ఇది విన్నాకే అది అన్నాను. పెట్టెలో అందరూ విన్నారు, పేరు ఆ తర్వాతే చెప్పాను. దాని మహిమ ఏమీ తగ్గినట్టు నాకు కనబడలేదు. నాకు దమ్ము పూర్తిగా పోలేదు, ఆ చలికాలంలో కూడా వచ్చింది. వచ్చినప్పుడల్లా ఏం చెయ్యాలో మాత్రం నా చేతిలో ఉంది.

దీపాలు పెట్టే వేళకు నాంపల్లిలో దిగితే అన్న ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. నా ముఖం చూశాడు, తర్వాత చేతిలోని తడిగుడ్డ మూట చూశాడు. అడ్డసరం కొమ్మ, నాటితే బతుకుతుందని చెప్పాను. పెరట్లో బావి పక్కన జాగా ఉంది, అక్కడ పెడదామా అన్నాడు.

బడిలో పెడతాను, నా తరగతి కిటికీ కింద అన్నాను.