మా అన్న మీసమూ చింతపండు సంచీ

మా అన్న బొద్దింకను చూస్తే మంచమెక్కుతాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఒకప్పుడు ఇదే మనిషి జీపు మీద నిలబడి ఒంటిచేత్తో నలభైమందిని తరిమాడని బెంగళూరు మహదేవపురలో ఒక క్యాంటీన్ బల్ల బల్లంతా నమ్మింది. నమ్మించింది నేనే.

అన్న అంటే మా పెదనాయన కొడుకు. మాది దొడ్డబళ్ళాపురంలో మగ్గాల కుటుంబం, తాతల కాలం నుంచీ అక్కడే. రాయలసీమతో మాకున్న సంబంధం పెళ్ళిళ్ళకు వెళ్ళి భోంచేసి రావడం వరకే. కానీ ఇంట్లో మేం మాట్లాడే తెలుగు ఆ సీమ తెలుగే. రెండువేల సంవత్సరం దాటాక నేను రింగు రోడ్డు మీద ఒక కంప్యూటర్ల కంపెనీలో చేరాను. అక్కడ తెలుగువాళ్ళం పదిమందిదాకా ఉండేవాళ్ళం. నేను తప్ప అందరూ కోస్తావాళ్ళే. మొదటిరోజు భోజనాల దగ్గర "నీళ్ళు యాడుండాయి?" అని అడిగాను. బల్ల చుట్టూ స్పూన్ల చప్పుడు ఆగిపోయింది. ఒకాయన తన గ్లాసే నా ముందుకు జరిపాడు.

అవి ఫ్యాక్షన్ సినిమాల రోజులు. తెల్ల పంచెలు, కొడవళ్ళు, గాల్లోకి లేచే జీపులు. కొడవలి పట్టినవాడు నోరు తెరిస్తే మా అవ్వ తెలుగే వినపడేది. ఆ తెలుగులో మా అవ్వ మమ్మల్ని సంగటికి పిలిచేది. తెర మీద అదే తెలుగులో తలలు తెగేవి. వారానికొక బొమ్మ చూసి వచ్చేవాళ్ళకి నా నోట ఆ మాట వింటే ఏం గుర్తొస్తుంది మరి?

నా పక్క సీటులో రాజమండ్రి నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. మర్యాదస్తురాలు. ఒకరోజు గొంతు తగ్గించి అడిగింది.

"ఏమీ అనుకోకండేం. మీ ఇళ్ళల్లో నిజంగానే బాంబులు ఉంటాయాండీ?"

లేవు అంటే అయిపోయేది. ఆ చిన్న మాట నా నోట రాలేదు.

"ఉండకేం మేడమ్! పురికొస చుట్టి అటక మీద పెడతాం. ఎండాకాలం వస్తే మిద్దె మీద ఆరబెట్టాలి, లేకపోతే చెమ్మ పడతాయి."

"అమ్మో! పిల్లలు తొక్కితేనో?"

"మా అవ్వ కర్ర పట్టుకుని కాపలా కూర్చుంటుందిగా."

నిజానికి నేను చెప్పిందంతా మా ఇంటి చింతపండు సంగతి. ఏడాదికి సరిపడా చింతపండు గింజ తీసి, ఉప్పు వేసి, ఎండబెట్టి, ఉండలు చేసి, కాగితంలో చుట్టి పురికొస కట్టి అటకెక్కించడం మా ఇంటి ఆనవాయితీ. చింతపండు అనాల్సిన చోట బాంబు అన్నాను, అంతే. అవ్వనూ కర్రనూ మార్చలేదు.

కథ మొదలయ్యాక నాయకుడు కావాలి కదా. మా అన్నకు మీసం ఉంది. వీధినాటకంలో రాజు వేషం కోసం పెంచి, నాటకం అయిపోయాక తీయడానికి మనసొప్పక అలాగే ఉంచేసుకున్న మీసం. ఆదివారాలు కొబ్బరినూనె రాసి దువ్వేవాడు. ఆ మీసాన్ని నేను భోజనాల బల్ల మీదకు తెచ్చాను. సోమవారం జీపులు, బుధవారం కొడవళ్ళు. శుక్రవారానికి అన్న మీసం మీద నిమ్మకాయ నిలబడింది. పక్క బల్లల వాళ్ళు కూడా కుర్చీలు లాక్కుని వచ్చేవాళ్ళు. నాకూ బాగుండేది, దాచుకోవడమెందుకు. వాళ్ళు చూసిన సినిమాలే నేనూ చూశాను. వాళ్ళ సరుకే కాస్త ఉప్పూకారం కలిపి వాళ్ళకి వడ్డించాను.

ఈలోగా అక్కడ మా అన్న మగ్గాలు ఆగిపోయాయి. మరమగ్గాల ముందు నిలవలేక అమ్మేసి, నలభై ఏళ్ళ వయసులో డ్రైవింగు నేర్చుకున్నాడు. ఆరు నెలలు తిరిగినా పని దొరకలేదు. అప్పుడే రాజమండ్రి ఆవిడ ఉండే అపార్ట్‌మెంటులో పిల్లల స్కూలు వ్యానుకు డ్రైవరు కావాలన్నారు. మంచి మనిషి ఒకాయన తెలుసు మేడమ్, పంపిస్తాను అన్నాను. ఆయన మా అన్నేనని మాత్రం చెప్పలేదు.

శనివారం పొద్దున నేను బస్సు దిగి ఆ అపార్ట్‌మెంటు గేటు లోపలికి వెళ్ళేసరికి, ఆవరణ మధ్యలో ఒక గుడ్డసంచి. వాచ్‌మన్ దూరంగా నిలబడి దాని మీద బకెట్టుతో నీళ్ళు కుమ్మరిస్తున్నాడు. పిల్లర్ల వెనక నుంచి తలలు. గోడ దగ్గర మా అన్న, ఇస్త్రీ చొక్కాతో, చేతులు కట్టుకుని.

"ఏమప్పా, ఈళ్ళు చింతపండును ఈడనే నానేస్తా ఉండారు?"

జరిగింది ఇదీ. ఒకరింటికి ఒట్టిచేతులతో పోకూడదని వదిన పది ఉండలు సంచిలో పెట్టి పంపింది. అన్న తలుపు కొట్టి, ఫలానావాడి అన్నను అని చెప్పుకుని, సంచి విప్పి ఒక ఉండ ఆవిడ చేతికి ఇవ్వబోయాడు. ఆవిడ మీసాన్ని చూసింది. పురికొసను చూసింది. ఆ తర్వాతిది కేక.

"మీరే కదండీ చెప్పారు, పురికొస చుట్టి పెడతామని!" అంది నన్ను చూడగానే.

అన్న నావైపు తిరిగాడు. "ఏం చెప్పినావప్పా నా గురించి?"

అందరి ముందూ నిజం చెప్పాను. అంతా కల్పితమని, ఈయన మగ్గం మనిషని, బొద్దింకకు కూడా భయపడతాడని. జీవితంలో అంత నిజాయితీగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఒక్కరూ నమ్మలేదు. అసోసియేషను పెద్దాయన నా భుజం తట్టి, "మీవాళ్ళు బయటికి చెప్పరులెండి, మాకు తెలుసు" అన్నాడు. తర్వాత నా చెవిలో అనుకుంటూనే అందరికీ వినపడేలా, "ఆ మీసంతో పిల్లల వ్యానంటే కష్టమండీ" అన్నాడు.

తిరుగు బస్సులో తడిసిన సంచి అన్న ఒళ్ళోనే ఉంది. హెబ్బాళ దాటాక అన్నాడు: "ఆయమ్మను అనేదేముందిలే. రాజమండ్రి ఆమె అంటే నేనూ ఇంటి ముందర పడవ కట్టేసుంటాదనుకుంటి. పొద్దున లేస్తే యేట్లో పాట పాడతా పోతాదని. సినిమాలో అట్లే ఉండాది గదా."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం ఆవిడతో ఆ పడవ మాట చెప్పాను. మొదట నవ్వింది. "మాది బస్టాండు వెనక సందండీ. పడవెక్కితే నాకు వాంతులు." కాసేపటికి నవ్వు పోయింది. అసోసియేషనుతో తనే మాట్లాడతానంది. వారం తర్వాత, ఒక నెల చూద్దామన్నారని చెప్పింది. "ఆ మీసం ఒక్కటీ..." అని ఆగిపోయింది. ఆ సగం మాట నేను అన్నకు చేరవేయలేదు. అక్కర్లేకపోయింది. పెద్దాయన మాట ఆరోజే అన్న చెవిన పడింది కదా.

పనిలో చేరే రోజు వ్యాను పక్కన ఎవరో నిలబడి ఉంటే దాటుకుని వెళ్ళబోయాను. "ఏమప్పా" అంటే ఆగాను. పైపెదవి మీద, ఎండ ఎరగని చోట, తెల్లటి చార.

పిల్లలు వారానికే ఆయన మెడకు వేలాడారు. నెల అన్నది ఎనిమిదేళ్ళయింది. ఇక్కడ క్యాంటీన్‌లో కొన్నాళ్ళు జనం అన్న కథ చెప్పమని అడిగారు. బొద్దింక కథ చెప్పేవాణ్ణి. సగంలోనే ఫోన్లు తీసేవాళ్ళు.

ఒక సాయంత్రం పిల్లలు దిగిపోయాక వ్యాను మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. అన్న బొటనవేలు అలవాటుకొద్దీ మీసం ఉండాల్సిన చోటికి వెళ్ళి, ఏమీ దొరక్క కిందికి వచ్చింది.

"ఇంకా నా కతలు చెప్తా ఉండావా?"

"లేదన్నా. మానేసినా."

"మానొద్దులే, చెప్పు," అన్నాడు తాళంచెవి తీసుకుని లేస్తూ. "నిమ్మకాయ లేకున్నా సరే. దాంట్లోనన్నా మీసం ఉండనీ."